మధ్యలో ఆగిన బొంత: అపోహలు, వాస్తవాలు

నా దగ్గర అతుకుల బొంత పని నేర్చుకోవడానికి వచ్చేవారిలో చాలామంది చేతిలో ఒక సంచి ఉంటుంది. అందులో చిన్న ముక్కలు కలిపి కుట్టిన చదరపు భాగాలు (బ్లాకులు) కొన్ని, కత్తిరించి వదిలేసిన ముక్కలు కొన్ని, మడత పడిన డిజైన్ కాగితం ఒకటి ఉంటాయి. సంచి విప్పకముందే "నాకు ఓపిక తక్కువండీ, ఏదీ పూర్తి చేయలేను" అని తప్పు ఒప్పుకున్నట్లు చెబుతారు. ఈ మాట విని విని విసుగెత్తి ఇది రాస్తున్నాను.

అపోహ: సగంలో ఆగిన బొంత కుట్టేవారి బద్ధకానికి గుర్తు.

వాస్తవం: నేను విప్పి చూసిన సంచుల్లో ఎక్కువ భాగం కొలత కుదరక ఆగినవే. ఈమధ్య ఒకావిడ అమెరికా డిజైన్ ఒకటి దించుకుని, ముక్కలు కత్తిరించడానికి ఆధారంగా పెట్టుకునే కాగితపు నమూనాలను (టెంప్లేట్లను) ఇంట్లో ప్రింటు తీసి, నక్షత్రపు బ్లాకులు కుట్టి, వాటి మధ్య పెట్టవలసిన పట్టీలను మాత్రం స్కేలుతో కొలిచి కత్తిరించారు. బ్లాకులూ పట్టీలూ కలవలేదు. "ట్యాబ్‌లో ఇంత చక్కగా ఉంది, నా చేతే మంచిది కాదు" అంటూ ఆమె కళ్లనీళ్లు పెట్టుకున్నారు. అమెరికా డిజైన్లు లెటర్ కాగితానికి గీస్తారు, దాని వెడల్పు సుమారు 216 మిల్లీమీటర్లు. మన ఏ4 కాగితం వెడల్పు 210. ప్రింటర్ దాన్ని కాగితానికి సరిపెట్టేటప్పుడు బొమ్మ 97 శాతానికి కుదించుకుపోతుంది, 6 అంగుళాల టెంప్లేట్ 4 మిల్లీమీటర్లు తగ్గుతుంది, అందులో కుట్టు కోసం అంచున వదిలే మార్జిన్ కూడా తగ్గుతుంది. సైజును 100 శాతం దగ్గర ఉంచి, పేజీలో ఇచ్చే ఒక అంగుళం చదరాన్ని స్కేలుతో కొలిచాకే కత్తెర పట్టుకోవాలి.

రెండో దొంగ మార్జిన్. సూది కింద బట్టను నొక్కిపట్టే మిషన్ పాదం అంచు వెంట కుడితే పావు అంగుళం వచ్చినట్లేనని నేనూ నమ్మి, మా అమ్మాయి ఉయ్యాలలో ఉన్నప్పుడు మొదలుపెట్టిన బొంతను అది బడికి వెళ్లే దాకా అటక మీద పెట్టాను. పావు అంగుళమంటే 6.35 మిల్లీమీటర్లు, నా మిషన్ దాదాపు ఒక మిల్లీమీటరు ఎక్కువ తింటోంది. 12 చదరాల వరుసలో 11 కుట్లుంటాయి, ఒక్కో కుట్టు రెండు వైపులా కలిపి 2 మిల్లీమీటర్లు అదనంగా మింగితే వరుస 22 మిల్లీమీటర్లు పొట్టిదవుతుంది. బొంత చుట్టూ వేయడానికి కాగితం మీది లెక్కతో కత్తిరించిన అంచు పట్టీ దానికి ఎలా కుదురుతుంది? రెండు ముక్కలు కుట్టి, ఇస్త్రీ చేసి, కొలిచి చూసుకోవడానికి పది నిమిషాలు పట్టదు, నాకేమో అయిదేళ్లు పట్టింది.

ఆగిన పనిని విప్పనక్కర్లేదు. సాదా చదరాలైతే అన్నిటికంటే చిన్న బ్లాకు కొలతకు మిగతావాటిని కోసేయవచ్చు. నక్షత్రాలైతే కొనలు తెగిపోతాయి కనుక బ్లాకు చుట్టూ సన్నని పట్టీ అతికి సైజు పెంచుకోవాలి. అంచు పట్టీ పొడవును డిజైన్ కాగితం నుంచీ, సాగిపోయిన పక్క అంచుల నుంచీ కాక, బొంత నడిమి నుంచి కొలవాలి.

అపోహ: మంచి సాఫ్ట్‌వేర్ కొంటే ఈ బాధలుండవు.

వాస్తవం: ఎలక్ట్రిక్ క్విల్ట్ లాంటివి రంగులు మార్చి చూపుతాయి, బట్ట ఎంత కావాలో లెక్క కడతాయి, కానీ మీ మిషన్ పాదం సంగతి వాటికి తెలియదు. నేను ఇప్పటికీ బడిపిల్లల గ్రాఫ్ పుస్తకంలో ఒక సెంటీమీటరు గడిని ఒక చదరంగా గీస్తాను. ముక్కలను నేల మీద పరచి ఫోనులో నలుపు తెలుపు ఫొటో తీస్తే ఏ రంగు ముదురో, ఏది లేతో అప్పుడే తేలిపోతుంది. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో ఆఫ్రికా మూలాలున్న సిద్ది తెగ స్త్రీలు పాత బట్టలతో కుట్టే కవంది అనే బొంతకు గ్రాఫ్ కూడా ఉండదు. మూల నుంచి మొదలుపెట్టి అంచుల వెంట చుట్టూ తిరుగుతూ లోపలికి కుట్టుకుపోతారు. అక్కడ ముందుగా కత్తిరించి పెట్టుకున్న అంచు పట్టీ లేదు కనుక కొలత కుదరకపోవడమన్న సమస్యే రాదు.

మిగతావి త్వరగా చెబుతాను. గుండ్రటి బ్లేడు తిరుగుతూ బట్ట కోసే కట్టర్ లేనిదే ఈ పని రాదనడం వట్టిమాట, అది 1979లో వచ్చింది, బొంతలు అంతకుముందే ఉన్నాయి. పాత బట్ట ఇంట్లో ఉంటే దరిద్రమనేవారు తమ పొత్తిళ్లు దేనితో చేశారో పెద్దవాళ్లను అడగాలి. కొత్త బట్టను తడపకుండా వాడవచ్చనే మాట మాత్రం వినకండి, ముదురు ఎరుపు ఒక్క ఉతుకులో పక్క తెలుపును పాడుచేయవచ్చు.

నా గోడకు ఇప్పుడు ఏడు సంచులు వేలాడుతున్నాయి, ప్రతిదానికీ అది ఎక్కడ ఆగిందో రాసిన చీటీ ఉంటుంది. ఆ నక్షత్రాల సంచి మీద ఆవిడ మొదట "నాకు రాదు" అని రాసిపెట్టారు. ఇప్పుడు ఆ చీటీ మీద "పట్టీలు అతికాను, అస్తరు కొనాలి" అని ఉంది.