జీడిపండు, జీడిపిక్క, ఒక స్వాబ్

మా పలాస వైపు వేసవిలో జీడితోటకి వెళ్తే ఒక సంగతి చేతికే తెలుస్తుంది. పండు పిసికితే చాలు, రసమంతా కారిపోతుంది. దాని కింద వేలాడే పిక్క మాత్రం ఎంత నలిపినా చెక్కుచెదరదు, దాన్ని ఉడకబెట్టి, ఆరబెట్టి, కట్టర్ మీద కోస్తే గానీ లోపలి పప్పు దక్కదు. అత్యాచారం కేసుల్లో ల్యాబ్ వాళ్లు డీఎన్ఏ తీసే పద్ధతి కూడా అచ్చం ఇంతే.

బాధితురాలి ఒంటి నుంచి డాక్టరు దూదిపుల్లతో తీసిన నమూనా (స్వాబ్) మీద ఆమె కణాలే ఎక్కువ, నేరస్తుడి వీర్యకణాలు చాలా తక్కువ ఉండొచ్చు. పైగా మామూలు కణంలో దాదాపు 6.6 పికోగ్రాముల డీఎన్ఏ ఉంటే వీర్యకణంలో అందులో సగమే. అన్నిటినీ ఒకేసారి పగలగొడితే ఆమె డీఎన్ఏలో అతనిది మునిగిపోతుంది.

1985లో బ్రిటన్ శాస్త్రవేత్తలు పీటర్ గిల్, అలెక్ జెఫ్రీస్, డేవిడ్ వెరెట్ దీనికి దారి చూపించారు. ముందు సబ్బులాంటి ఎస్‌డీఎస్, మాంసకృత్తులని కోసే ప్రొటీనేజ్-కె కలిపితే మెత్తటి కణాలు పగిలి, ఆమె డీఎన్ఏ నీళ్లలోకి వచ్చేస్తుంది. వీర్యకణం తల పగలదు, ఎందుకంటే అందులో ప్రోటమిన్లనే మాంసకృత్తులు డీఎన్ఏని గట్టిగా చుట్టి, గంధకపు బంధాలతో ముడి వేసి ఉంచుతాయి (మన జుట్టుకీ గోళ్లకీ గట్టిదనం ఇచ్చేవి కూడా ఇలాంటి బంధాలే). గిర్రున తిప్పే యంత్రం సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే ఆ తలలు ట్యూబు అడుగుకి చేరతాయి, చాలాసార్లు కంటికి కూడా కనిపించవు. పైనీళ్లు వేరే ట్యూబులోకి తీసి, అడుగున ఉన్నదాన్ని మళ్లీ మళ్లీ కడగాలి. అసలు ఓపికంతా ఇక్కడే, తక్కువ కడిగితే ఆమె డీఎన్ఏ మిగిలిపోతుంది, మరీ కడిగితే ఉన్న నాలుగు తలలూ పోతాయి. ఆ తర్వాతే డీటీటీ అనే రసాయనం వేస్తారు, అది ఆ ముడులు విప్పుతుంది, అతని డీఎన్ఏ బయటికొస్తుంది.

వేసెక్టమీ (మగవాళ్ల కుటుంబ నియంత్రణ ఆపరేషన్) అయినవాడైతే వీర్యకణాలే ఉండవు. అప్పుడు మగవాళ్లలోనే ఉండే వై క్రోమోజోమ్ చూస్తారు, అయితే అది తండ్రికీ కొడుకులకీ అన్నదమ్ములకీ మామూలుగా ఒకేలా ఉంటుంది కాబట్టి ఒక్కడినే వేలెత్తి చూపలేదు.

నాకు టెన్షన్ అంతా ల్యాబ్‌కి చేరకముందు జరిగేదాని గురించే. మన సముద్రపు గాలికి తడిబట్ట ఎంతకీ ఆరదు, దాన్ని అలాగే పాలిథిన్ కవర్లో మూటకడితే బాక్టీరియా పెరిగి డీఎన్ఏని తినేస్తాయి. అందుకే ఇంట్లో ఎవరికైనా ఈ కష్టం వస్తే, ఆ బట్టలు ఉతకకండి, ఎండలో వేయకండి, కాగితంలో చుట్టి వెంటనే ఆసుపత్రికి పట్టుకెళ్లండి.