తోటలో ఒంటిగది ఇల్లు ఇద్దరమే కట్టుకుంటాం అనేవాళ్లకు: అపోహలు - వాస్తవాలు

మా ఆయన బేల్దారి మేస్త్రి. నేను సివిల్ డిప్లొమా చదివి, పెళ్లయ్యాక ఆయన పనుల్లో లెక్కలు రాయడానికి వెళ్లి, చివరికి తాపీ పట్టుకున్నదాన్ని. చంద్రగిరి, పాకాల, దామలచెరువు చుట్టుపక్కల తోటల్లో చిన్న ఇళ్లు కడుతుంటాం. మా సొంత గది కూడా మేమిద్దరమే కట్టుకున్నాం, దాని సంగతి మధ్యలో చెప్తాను.

ఈ మధ్య మా దగ్గరికి ఒక రకం జంటలు ఎక్కువగా వస్తున్నారు. బెంగుళూరులోనో చెన్నైలోనో ఉద్యోగం, ఇక్కడ రెండెకరాల మామిడి తోట. "అక్కా, మేమిద్దరమే కట్టుకుంటాం, మీరు పక్కనుండి చెప్తే చాలు" అంటారు. వాళ్లు ఫోన్లో చూసి నమ్మినవి కొన్ని, ఊళ్లో పెద్దవాళ్లు వాళ్లను బెదిరించే మాటలు కొన్ని. రెండింట్లోనూ తప్పులున్నాయి.

అపోహ: "వీడియోలో మొగుడూ పెళ్లాం చెట్టు దుంగలు పేర్చి ఇల్లు కట్టేశారు. మనమూ అట్లే కడదాం."

వాస్తవం: అవి మంచు పడే దేశాలు. అక్కడ పైన్ చెట్లు నిటారుగా పెరుగుతాయి, అడవి పక్కనే ఉంటుంది, చలిని ఆపడానికి మందపాటి చెక్క పనికొస్తుంది. మన దగ్గర ఇల్లు ఆపాల్సింది మే నెల ఎండని, కార్తీకంలో వానని, ఏడాది పొడుగునా చెదల్ని. నేలకు ఆనించి దుంగ పెడితే చెదలకు విందు పెట్టినట్టే. మన కాళ్ల కింద ఉన్నది రాయి, ఎర్రమట్టి. వాటితో మొదలుపెట్టండి.

"కొండ పక్కనే ఉంది కదా, కట్టెకేం కొదవ" అని ఒకాయన నాతోనే అన్నాడు. శేషాచలం అంటే ఎర్రచందనం పుట్టిల్లు. రిజర్వు అడవి నుంచి ఎండిపోయి పడిన దుంగ తెచ్చినా కేసే. వెదురు సంగతి వేరు. 2017లో చట్టం సవరించాక అడవి బయట పెరిగిన వెదురు చెట్టు కింద లెక్కకు రాదు, పట్టా భూమిలో పెంచిన బొంగులు కొట్టుకోవచ్చు. కొట్టిన బొంగుల్ని బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్లలో నానబెట్టి నీడలో ఆరబెట్టాలి. ఆ పని ఎగ్గొడితే కొన్ని నెలలకే పురుగు పట్టి, పొద్దున్నే లేచేసరికి మంచం మీద పసుప్పచ్చటి పొడి రాలి ఉంటుంది.

అపోహ: "మట్టి ఇల్లు రెండు వానలకు కరిగిపోతుంది."

వాస్తవం: మట్టి గోడను కరిగించేది పైనుంచి పడే వాన కాదు. చూరు చాలక గోడకు కొట్టే జల్లు, కింద నిలిచిన నీరు, ఈ రెండూ కరిగిస్తాయి. గోడ కింద రాతి పునాది నేల మీదికి కనీసం అడుగున్నర లేవాలి. చూరు రెండున్నర అడుగులు బయటికి రావాలి. తిరుపతి వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. కాబట్టి ఎక్కువ దెబ్బ ఉత్తరం, తూర్పు గోడలకు. ఆ రెండు వైపులా చూరు ఇంకో అర అడుగు పెంచినా నష్టం లేదు.

2021 నవంబరు గుర్తుందా? తిరుపతి వీధులు చెరువులయ్యాయి. రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్లను ఖాళీ చేయించారు. ఆ వానలు వెలిసిన తర్వాత మా వైపు పాత మట్టి మిద్దెలు చూసొచ్చాం. కూలినవాటిలో ఎక్కువ భాగం ఎవరూ ఉండకుండా వదిలేసి, పైకప్పు చెడినవే. మనుషులుండి, ఏటా అలికి, మిద్దె మీద మట్టి సరిచేసుకున్న ఇళ్లు నిలబడ్డాయి.

మట్టిని ఎంచుకోవడంలోనే సగం పనుంది. మీ తోట మట్టి సగం వచ్చేలా గాజు సీసాలో వేసి, నిండా నీళ్లు పోసి, చిటికెడు ఉప్పు వేసి, బాగా కుదిపి కదపకుండా పెట్టండి. ఇసుక వెంటనే అడుక్కి దిగుతుంది, దాని మీద సన్నటి ఒండు, అన్నిటికన్నా పైన బంకమట్టి. బంకమట్టి పేరుకోవడానికి ఒక రోజు పట్టొచ్చు. మా వైపు ఎర్ర నేలల్లో చాలాచోట్ల ఇసుక ఎక్కువ, బంక తక్కువ. అలాంటప్పుడు చెరువు మట్టి కలుపుతాం. చెరువు మట్టి ఒక్కటే వాడితే ఆరేటప్పుడు వేలు దూరేంత పగుళ్లు వస్తాయి. కలిపిన ముద్దను అరచేతుల మధ్య వేలంత లావున తాడులా పేని, ఒక కొసన పట్టుకుని వేలాడదీయండి. అంగుళం కూడా నిలవకుండా తెగితే బంక చాలలేదు. జానెడు పొడుగు వేలాడినా తెగకపోతే బంక మరీ ఎక్కువైంది, ఇసుక వేయాలి.

అపోహ: "మట్టితో అయితే పని తేలిక, ఆడుతూ పాడుతూ అయిపోతుంది."

వాస్తవం: లెక్క చెప్తాను, నవ్వకండి. లోపల పదడుగులు, పద్నాలుగు అడుగులు ఉండే గది. గోడ అడుగున్నర మందం, ఎనిమిది అడుగుల ఎత్తు. తలుపు, కిటికీలు తీసేసినా 550 ఘనపుటడుగులకు పైగా మట్టి కావాలి. అంటే 24 టన్నుల పైమాటే. ఆ మట్టిని మీరు ఒక్కసారి ఎత్తరు. తవ్వి ఎత్తుతారు, వరిగడ్డి వేసి తొక్కి మళ్లీ ఎత్తుతారు, గోడ మీద పెట్టడానికి మూడోసారి ఎత్తుతారు. పైగా ఒక వరస అడుగు, అడుగున్నర లేచాక ఆరడానికి ఆపాలి. ఆపకుండా లేపితే కింది వరస కడుపు ఉబ్బుతుంది.

అందుకే సంక్రాంతి వెళ్లగానే మొదలుపెట్టమంటాం. ఎండలు ముదిరేలోపు గోడలు, మే చివరికి పైకప్పు. జూన్‌లోకి జరిగిందంటే మా వైపు తోతాపురి కోతలు మొదలవుతాయి, సాయానికి ఒక్క మనిషి దొరకడు. తోట ఉన్నవాళ్లయితే మీరే కోతల్లో ఉంటారు.

అపోహ: "ఇద్దరి వల్ల ఇల్లు కట్టడం కాదు."
దీనికి జతగా ఇంకోటి: "ఇద్దరముంటే చాలు, ఎవరినీ పిలవక్కర్లేదు."

వాస్తవం: రెండూ తప్పే. ముగ్గు పోయడం, పునాది తవ్వడం, గోడ, పూత, గచ్చు, పెంకులు, రంగు, అన్నీ ఇద్దరూ చేసుకోవచ్చు. నెమ్మదిగా అవుతుంది, అంతే. ఇద్దరూ చేయలేని రోజు ఒకటుంది, అది స్లాబు రోజు. ఇటుక గోడల మీద పదకొండున్నర అడుగులు, పదిహేనున్నర అడుగుల స్లాబు, నాలుగంగుళాల మందం అనుకోండి. దాదాపు 60 ఘనపుటడుగుల కాంక్రీటు, నాలుగు టన్నుల బరువు, 14 మూటల సిమెంటు. ఇదంతా ఒక్క ఊపులో పడాలి. ఒక మూల పోసి, టీ తాగొచ్చి, ఇంకో మూల పోస్తే ఆ అతుకు దగ్గరే రేపు కారుతుంది.

ఒక జంట మా మాట వినకుండా శనివారం సగం, ఆదివారం సగం పోశారు. రెండో ఏడాది నవంబరులో ఫోన్ చేశారు. వెళ్లి చూస్తే సరిగ్గా గది మధ్యలో, స్కేలు పెట్టి గీసినట్టు తడి గీత, దాని కింద బకెట్టు. ఆ ఒక్క రోజుకు పదిమందిని పిలిచి, మిల్లర్ (కాంక్రీటు కలిపే యంత్రం) బాడుగకు తెచ్చుకుని, మధ్యాహ్నం వాళ్లకు కడుపునిండా అన్నం పెట్టుంటే సరిపోయేది. స్లాబును కింద నుంచి మోసే సెంట్రింగ్ కూడా తెలిసినవాళ్ల చేతే కట్టించండి. తడి కాంక్రీటు కింద సర్వి కర్ర జారితే ప్రాణాలకే వస్తుంది.

మట్టి గోడల మీద స్లాబు వద్దు. మంగళూరు పెంకులు వేసుకోండి. సిమెంటు రేకులైతే పాతవి కొనొద్దు, రంపంతో కోయొద్దు. వాటిలో ఆస్బెస్టాస్ ఉంటుంది, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు పట్టుకుంటే వదలదు.

అపోహ: "సిమెంటు ఎంత ఎక్కువైతే అంత గట్టి."

వాస్తవం: ఇందులో మొదటి దోషులం మేమే. మా గది మట్టి గోడలకు బయటివైపు వలకొట్టి సిమెంటు పూత పూశాం. మా అత్త వద్దనింది. "మట్టికి సిమెంటు అతకదమ్మా" అని ఆమె అంటే, ఈమెకేం తెలుసులే అనుకున్నాను. డిప్లొమా నాది కదా! మొదటి వానాకాలం బాగానే గడిచింది. రెండో ఏడు ఉత్తరం గోడ మీద పూత దోసెలా పొంగింది. వేలితో తడితే డొల్ల చప్పుడు. ఒక ముక్క పెరికి చూస్తే వెనక మట్టి చేతికి అంటుకునేంత తడిగా ఉంది. సన్నటి పగుళ్లలోంచి దూరిన నీరు బయటికి రావడానికి దారి లేక లోపలే ఉండిపోయింది. సిమెంటు పూత మట్టిని ఊపిరి ఆడనివ్వదు. మొత్తం రాల్చి, సున్నం, ఇసుక కలిపి పూశాం. ఇప్పటిదాకా దానికేం కాలేదు.

సున్నం మనకు కొత్తదేం కాదు. చంద్రగిరి కోటలో రాజమహల్ రాయి, ఇటుక, సున్నంతో కట్టిందే, అందులో చెక్క వాడలేదు. మనం వాడే పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు వచ్చింది 1824లో, రాజమహల్ దానికన్నా ఎంతో ముందుది. పాత మేస్త్రీలు సున్నంలో బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కలిపేవాళ్లు. ఒక్క జాగ్రత్త: రాతి సున్నం నీళ్లలో వేస్తే కుతకుత ఉడుకుతుంది. కళ్లకు అద్దాలు లేకుండా దాని మీదికి వంగొద్దు.

ఇక సిమెంటు వాడాల్సిన చోట బలం మూటల లెక్కలో లేదు, నీళ్లలో ఉంది. కలిపేటప్పుడు తక్కువ నీళ్లు, పోశాక ఎక్కువ నీళ్లు. కొత్తవాళ్లు సరిగ్గా తిరగేసి చేస్తారు. పని సులువుగా జారాలని పైపు వదిలేసి జావలా కలుపుతారు, పోశాక రెండ్రోజులు తడిపి మరిచిపోతారు. కాంక్రీటుకు మూటకు పాతిక లీటర్ల నీళ్లు చాలు. స్లాబు మీద మడులు కట్టి కనీసం పది రోజులు నీళ్లు నిలపండి. మన ఎండలకు, ఇప్పుడు దొరికే పీపీసీ (బూడిద కలిపిన) సిమెంటుకు పద్నాలుగు రోజులైతే ఇంకా మేలు. వారాంతాల్లో మాత్రమే వచ్చేవాళ్లు ఈ ముక్క రెండుసార్లు చదవండి. సోమవారం నుంచి శుక్రవారం దాకా నీళ్లు ఎవరు పడతారు?

అపోహ: "ఆడదాని చేతికి తాపీ ఇస్తే గోడ నిలవదు."

వాస్తవం: తట్టలు మోయడానికి, ఇసుక జల్లించడానికి, నీళ్లు పట్టడానికి ఆడవాళ్లే కావాలి, తాపీ మాత్రం వద్దట. గోడకు నిలువు చూసే తూకపు గుండు తెలుసు, దాన్ని ఎవరు పెట్టారో తెలియదు. తడి సిమెంటు మాత్రం ఎవరి చర్మాన్నయినా కాలుస్తుంది. ఇద్దరూ గ్లౌజులు వేసుకోండి.

అపోహ: "మనమే కట్టుకుంటే సగానికి సగం మిగులుతుంది."

వాస్తవం: మా పనుల్లో కూలి మొత్తం ఖర్చులో మూడో వంతు చుట్టుపక్కల ఉంటుంది. అదంతా మిగిలినా సగం కాదు. అందులోనూ కొత్తచేతుల్లో సరుకు వృథా అవుతుంది. చేయి తిరిగిన మేస్త్రి, అందించే మనుషులుంటే, రోజుకు ఐదారు వందల ఇటుకలు పేరుస్తాడు. కొత్తవాళ్లిద్దరు మొదటి వారం నూటయాభై దాటితే గొప్ప. నిజంగా మిగిలే చోటు వేరే ఉంది. ఇల్లు చిన్నది చేసుకోండి. ఆర్కిటెక్టు లారీ బేకర్ కేరళలో బాగా వాడుకలోకి తెచ్చిన పద్ధతి ఒకటుంది: ఇటుకల్ని అంచు మీద నిలబెట్టి మధ్యలో ఖాళీ వదిలి పేర్చడం. ఇటుకల్లో దాదాపు నాలుగో వంతు తగ్గుతుంది, ఆ ఖాళీ వల్ల గది చల్లగా కూడా ఉంటుంది. అయితే చేయి కుదరాలి. ముందు ప్రహరీ గోడ మీద నేర్చుకుని తర్వాత ఇంటి గోడ పట్టుకోండి.

అపోహ: "మన తోట, మన ఇల్లు, అనుమతి ఎందుకు?"

వాస్తవం: పొలంలో కట్టినా అడగాల్సిందే. ముందు మీ ఊరి సచివాలయానికి వెళ్లండి. తిరుపతి చుట్టుపక్కల మండలాలు తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) కిందికి వస్తాయి. డీకేటీ పట్టానా (ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూమి), రిజిస్ట్రేషన్ నిషేధించిన 22ఏ జాబితాలో ఉందా అన్నది పునాదికి ముందు కాదు, భూమి కొనడానికి ముందే చూసుకోవాలి. వేసవిలో ఎండిపోయి చదునుగా, అందంగా కనిపించే వంక పక్కన మాత్రం కట్టొద్దు. నవంబరులో వంక తన దారి తాను వెతుక్కుంటుంది.

వాస్తు గురించి అడుగుతారు కాబట్టి ఒక్క మాట: పడమటి గోడకు పెద్ద కిటికీ పెట్టకండి. శాస్త్రం ఏమన్నా కానీ, మే నెలలో మూడు గంటలకు ఆ కిటికీ పక్కన కూర్చుని చూడండి.

అపోహ: "కలిసి కట్టుకుంటే అన్యోన్యత పెరుగుతుంది."

వాస్తవం: మొదటి నెల పెరగదు. మూల మట్టానికి ముగ్గు పోసేటప్పుడే తెలిసిపోతుంది. ఒకరు దారం లాగి పట్టుకోవాలి, ఇంకొకరు కొలవాలి. ఒక వైపు మూడడుగులు, రెండో వైపు నాలుగు, ఏటవాలుగా సరిగ్గా ఐదు వస్తేనే ఆ మూల సరైనది. మొత్తం గదికి ఇంకో పరీక్ష: పది, పద్నాలుగు అడుగుల గదిలో మూల నుంచి మూలకు రెండు వైపులా 17 అడుగుల రెండున్నర అంగుళాలు రావాలి. ఒక వైపు పదిహేడు, ఇంకో వైపు పదిహేడున్నర వచ్చిందంటే "నువ్వు దారం వదిలావు", "నువ్వే టేపు వంకరగా పట్టావు" మొదలు. పొద్దున ఆరింటికి వచ్చిన జంట పదింటికి చెరో చెట్టు కింద కూర్చోవడం చాలాసార్లు చూశాం.

మేమొక పద్ధతి పెట్టుకున్నాం. గుండు, మట్టం ఆయనది, కొలతలు నావి. ఎవరి దాంట్లో వాళ్లదే ఆఖరి మాట. రెండోవాళ్లు అడగొచ్చు కానీ వాదించకూడదు. దాంతో గొడవలు చాలావరకు తగ్గాయి. తలుపు కొలత రోజు మాత్రం గచ్చు మందం కలపడం మరిచాను. గచ్చు పోశాక గడప నుంచి పైదాకా ఐదడుగుల ఏడంగుళాలు మిగిలింది. ఆయన ఎత్తు ఐదడుగుల తొమ్మిది. ఇప్పటికీ రాత్రిపూట లైటు వేయకుండా లోపలికొస్తే ఠంగుమని చప్పుడు, వెంటనే చీకట్లోంచి గొంతు: "మే, ఈ కొలత ఎవురిదే?"