వైరస్ వదలని రోగులు: అపోహలు - వాస్తవాలు

అపోహ: వైరస్ జ్వరం ఏదైనా పది రోజుల్లో అదే పోతుంది.

వాస్తవం: దాన్ని వెళ్లగొట్టేది ఒంట్లోని రోగనిరోధక శక్తి. అదే చతికిలబడితే వైరస్‌కు తొందరేముంది? పుట్టుకతో రోగనిరోధక లోపం ఉన్న ఒక బ్రిటన్ వాసి, చిన్నప్పుడు వేయించుకున్న పోలియో చుక్కల నాటి వైరస్‌ను 28 ఏళ్లపాటు విసర్జిస్తూ వచ్చినట్లు 2015లో పరిశోధకులు వెల్లడించారు. అవయవ మార్పిడి చేయించుకుని, రోగనిరోధక శక్తిని అణిచే మాత్రలు వాడేవారిలో నోరోవైరస్ విరేచనాలు నెలల తరబడి సాగడం మా డాక్టర్లకు కొత్త కాదు.

అపోహ: రెండు వారాలు దాటాక పీసీఆర్‌లో కనిపించేవి కొవిడ్ వైరస్ తాలూకు చచ్చిన ముక్కలే.

వాస్తవం: ఆరోగ్యవంతుల్లో ఇది చాలావరకు నిజం. అందుకే మిగతావారి విషయంలో డాక్టర్లు కూడా పొరబడుతుంటారు. రిటుక్సిమాబ్ అనే క్యాన్సర్ మందు తీసుకుంటున్న ఒక లింఫోమా (లింఫ్ కణాల క్యాన్సర్) రోగికి రెండు నెలలుగా సాయంత్రమయ్యేసరికి జ్వరం, పొడి దగ్గు. ముక్కు స్వాబ్ నెగెటివ్. టీబీ అనుకున్నారు, ఫంగస్ అనుకున్నారు. చివరికి బ్రాంకోస్కోపీ చేసి, ఊపిరితిత్తుల్లోకి సెలైన్ పంపి వెనక్కి తీసిన ద్రవాన్ని పరీక్షిస్తే కొవిడ్. సీటీ విలువ, అంటే పీసీఆర్‌లో వైరస్ కనబడేందుకు పట్టిన సైకిళ్ల సంఖ్య, 19. ఈ అంకె ఎంత తగ్గితే వైరస్ అంత ఎక్కువ. ఒక్కో సైకిల్ తేడాకు సుమారు రెట్టింపు చొప్పున, చచ్చిన ముక్కలే మిగిలినప్పుడు కనిపించే 35 లాంటి అంకెతో పోలిస్తే ఇది 60,000 రెట్లకు పైమాటే. ల్యాబును బట్టి అంకె కాస్త మారవచ్చు గానీ, ఇంత తేడాను చచ్చిన ముక్కల ఖాతాలో వేయలేం.

అపోహ: యాంటీబాడీలు లేవంటే ఇన్ఫెక్షన్ రాలేదనే.

వాస్తవం: రిటుక్సిమాబ్ బి కణాలనే తుడిచిపెడుతుంది. అవి మళ్లీ పుట్టుకొచ్చేందుకు ఆరు నెలలో, ఏడాదో పడుతుంది. యాంటీబాడీలు తయారుచేసేవాళ్లే లేనప్పుడు ఆ పరీక్షకు పెట్టిన డబ్బు దండగ.

అపోహ: ఐదు రోజుల యాంటీవైరల్ మందు కోర్సు అయిపోయింది, ఇక చాలు.

వాస్తవం: రోగనిరోధక శక్తి తగ్గినవారిలో కొందరికి మందు ఆపగానే వైరస్ మళ్లీ విజృంభిస్తుంది. ఎక్కువ రోజులు, ఒక్కోసారి రెండు మందులు కలిపి ఇవ్వాల్సి వస్తుంది. సగం అణిగి నెలల తరబడి ఉండిపోయే వైరస్ ఈలోగా మార్పులు కూడబెట్టుకుంటుంది. ఫ్లూకు వాడే ఓసెల్టామివిర్ మందుకు లొంగని వైరస్ ఇలాంటి రోగుల్లోనే తరచుగా బయటపడుతుంది.

అపోహ: రోగనిరోధక శక్తిని అణిచే మాత్రలు ఆపేస్తే సరి.

వాస్తవం: సొంతంగా ఆపితే మార్పిడి చేసిన కిడ్నీయే పోవచ్చు. ఏది తగ్గించాలో, ఎంత తగ్గించాలో మార్పిడి వైద్యుడు రక్తపరీక్షలు చూస్తూ నిర్ణయించాలి.

ఆ లింఫోమా రోగికి మేము కొవిడ్ మందు రెమ్‌డెసివిర్ కోర్సు పొడిగించాం, హెమటాలజిస్టు (రక్తవ్యాధుల వైద్యుడు) తర్వాతి రిటుక్సిమాబ్ డోసు వాయిదా వేశారు. మూడో వారానికి సాయంత్రాలు జ్వరం రావడం ఆగింది.