ఐపీ 67 కెమెరా ఏడాదికే ఎందుకు పోయింది? అపోహలు - వాస్తవాలు

"కెమెరాలు ఐపీ 67 అనే కదండీ పెట్టారు, ఏడాది తిరక్కుండా మూడూ పోయాయి." సీసీ కెమెరాలు బాగుచేయడానికి కోనసీమలో సఖినేటిపల్లి, అంతర్వేది వైపు రొయ్యల చెరువుల మీదకి వెళ్తే ఈ మాట వినకుండా తిరిగి రాను.

అపోహ: ఐపీ నంబరు పెద్దదైతే ఉప్పుగాలికీ ఢోకా లేదు.

వాస్తవం: ఐపీ అంటే దుమ్ము, నీళ్లు లోపలికి దూరకుండా ఎంత తట్టుకుంటుందో చెప్పే పరీక్ష నంబరు, అందులో ఉప్పు ఊసే లేదు. 67లో ఆరు అంటే దుమ్ము దూరదు. ఏడు అంటే మంచినీళ్లలో మీటరు లోతున అరగంట ముంచినా పాడవదు. అంతే. గట్టు మీద కెమెరా ఎలాగూ మునగదు. దాని మీద పడేది చెరువులో నీళ్లు చిలికే ఏరియేటర్ల తుంపర, సముద్రపు గాలి. దానికి వేరే పరీక్ష ఉంది: 5 శాతం ఉప్పునీళ్లని 35 డిగ్రీల వేడిలో మంచులా చల్లుతూ చూస్తారు. షాపులో అడగాల్సింది ఆ సాల్ట్ స్ప్రే పరీక్షలో ఎన్ని గంటలు తట్టుకుందని, బాడీ 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలేనా అని. 304 రకం వంటింటికి బాగుంటుంది, సముద్రం పక్కన దానికీ తుప్పు మచ్చలొస్తాయి.

అసలు నా దగ్గరికి "పోయింది" అని వచ్చేవాటిలో చాలావాటికి కెమెరా బాగానే ఉంటుంది. కిందటి వానాకాలం ఒక రైతు మూడు తెచ్చి "పారేయండి" అన్నారు. వైరు జాయింటు దగ్గర టేపు విప్పితే కనెక్టరు పిన్నులన్నీ చిలుము పట్టి పచ్చగా ఉన్నాయి. గట్టు మీదకి వెళ్లి చూస్తే కేబులు రాగిపూత పూసిన అల్యూమినియం, గిల్లితే పొడిలా రాలింది. కొత్త కనెక్టర్లు వేసి, అసలు రాగి కేబులు లాగితే రెండు బతికాయి. "ఆయ్, ఇంతేనా!" అన్నారాయన. రొయ్యల పట్టుబడి దగ్గరపడ్డ రోజుల్లో ఫోన్‌లో గట్టు కనపడకపోతే ఎవరికైనా టెన్షనే, ఆయన్ని ఏమనగలం? నా కోపమంతా టేపు చుట్టి డబ్బులు తీసుకెళ్లినవాడి మీద. జాయింటు బయట వేలాడకూడదు, గ్లాండు (వైరు చుట్టూ నీళ్లు దూరకుండా పట్టే బిగింపు) బిగించిన పెట్టెలో ఉండాలి. వైరు పెట్టెలోకి వెళ్లేముందు కిందికి వంగి పైకెళ్లాలి, వాన నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. సర్జ్ ప్రొటెక్టర్ (కరెంటు ఒక్కసారిగా ఎగబాకితే కాపాడే పరికరం) ఉంటే పిడుగుకి భయం లేదనేది అబద్ధం. ఎర్తు సరిగా లేకపోతే అది వట్టి డబ్బా, నేరుగా మీద పడితే ఎర్తున్నా చెప్పలేం. రాత్రి బొమ్మ తెల్లగా వస్తే లెన్సు పోయినట్టు కాదు, చాలాసార్లు సాలెగూడే. చీకట్లో చూడ్డానికి కెమెరా వేసే ఐఆర్ (పరారుణ) వెలుగుకి పురుగులు, పురుగుల కోసం సాలీళ్లు. తుపాను కబురొస్తే కెమెరాని కాదు, స్తంభాన్ని చూసుకోండి.

నెలకోసారి మంచినీళ్లు పోసి, మెత్తటి గుడ్డతో తుడవండి. బోరు నీళ్లు మాత్రం వద్దు, ఈ పక్క చాలాచోట్ల అవీ ఉప్పే.