పుస్తకం రూలా, ఇంటి రూలా? డి అండ్ డి ఆటలో అపోహలు - వాస్తవాలు

నెల్లూరులో మా డాబా మీద ఆదివారం సాయంత్రాలు డి అండ్ డి (డంజన్స్ అండ్ డ్రాగన్స్) ఆడిస్తుంటాను. తలా ఒక పాత్ర ఎంచుకుని, ఇరవై ముఖాల డైస్ వేస్తూ అందరూ కలిసి కథ నడిపే ఆట ఇది. డీఎం (డంజన్ మాస్టర్) నేనే. కథ నడపడం, శత్రువుల తరఫున డైస్ వేయడం, గొడవ వస్తే తీర్పు చెప్పడం నా పని. ప్రస్తుతం మా కథ ఉదయగిరి కోటలో జరుగుతోంది. 1514లో గజపతుల నుంచి కృష్ణదేవరాయలు గెలుచుకున్న కోట అది. ముట్టడి సాగుతుండగా చీకట్లో లోపలికి దూరిన నలుగురే మా ఆటగాళ్ళు. కొత్తగా చేరేవాళ్ళందరూ రూల్స్ గురించి ఇంచుమించు ఒకే రకం మాటలు నమ్మి వస్తున్నారు. వాటి గురించే ఇది.

అపోహ: 20 పడితే ఏది అడిగినా జరిగి తీరాలి.

పోయిన నెల ఒక కుర్రాడు కోట కావలి నాయకుడి దగ్గరికి నేరుగా వెళ్ళి "తాళాలు ఇచ్చెయ్" అన్నాడు. డైస్ వేస్తే 20. అందరూ చాప మీంచి లేచి నిలబడ్డారు. "అన్నా, ట్వంటీ! ఇయ్యాల్సిందే!"

వాస్తవం: 2014లో వచ్చిన రూల్స్ పుస్తకం ప్రకారం 20కి ప్రత్యేక బలం ఉన్నది దాడి చేసినప్పుడు, ప్రాణం పోయే స్థితిలో వేసే డెత్ సేవ్‌లో. మాటలతో ఒప్పించేటప్పుడు అది మామూలు అంకె. అతని నేర్పు 3 కలిపితే 23. అతను గెలవాలంటే రావాలని నేను మనసులో పెట్టుకున్నది 30. దాన్ని పుస్తకమే 'దాదాపు అసాధ్యం' అంటుంది. తాళాలు రాలేదు. కానీ ఆ ధైర్యానికి ముచ్చటపడిన నాయకుడు అతన్ని బంధించకుండా వదిలేశాడు. 20కి ఆ మాత్రం గౌరవం ఇవ్వాలని నా అభిప్రాయం. 2022లో ప్రయోగాత్మకంగా విడుదల చేసిన రూల్స్‌లో 20 పడితే అన్నిటిలోనూ గెలుపే అని పెట్టి చూశారు, తర్వాత తీసేశారు. 2024 పుస్తకంలోనూ అది లేదు.

అపోహ: 1 పడితే కత్తి చేజారాలి, అది అఫీషియల్ రూలే.

వాస్తవం: కాదు. దాడిలో 1 పడితే దెబ్బ తగలదు, అంతే. కత్తి జారడం, సొంత మనిషికే తగలడం ఆటగాళ్ళు కలుపుకున్నవి. ఈ రూలు నాకు నచ్చదు. ఎందుకో లెక్క వేసి చూడండి. కొత్త ఫైటర్ (ఆయుధంతో పోరాడే పాత్ర) ఒక వంతులో ఒక్కసారే కొడతాడు, 1 పడే అవకాశం 5 శాతం. అయిదో లెవెల్‌కి రెండుసార్లు కొడతాడు, అప్పుడు 9.75 శాతం. ఇరవయ్యో లెవెల్‌లో నాలుగుసార్లు కొడతాడు, దాదాపు 18.5 శాతం. సాము బాగా నేర్చినవాడే ఎక్కువసార్లు కత్తి పారేసుకుంటాడన్నమాట. మంత్రగాడు చాలా మంత్రాలకు దాడి డైసే వేయడు కాబట్టి అతనికి ఏ ఇబ్బందీ ఉండదు. నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. ఫైటర్‌ని ఇష్టపడి ఎంచుకున్న మనిషికే నాలుగు వారాలు తిరిగేసరికి విసుగొస్తుంది.

అపోహ: హౌస్ రూల్స్ (ఎవరికి వాళ్ళు కలుపుకునే ఇంటి రూల్స్) ఆట సరిగ్గా రానివాళ్ళవి.

వాస్తవం: అసలు ఈ ఆట పుట్టిందే అలా. చెయిన్‌మెయిల్ అనే సైన్యాల యుద్ధాల ఆటకు డేవ్ ఆర్నెసన్ తన బల్ల దగ్గర సొంత రూల్స్ కలుపుకుంటూ పోయాడు. ఆ ఆట రాసినవాళ్ళలో ఒకరైన గ్యారీ గైగాక్స్‌తో కలిసి 1974లో మూడు చిన్న పుస్తకాలుగా డి అండ్ డి తెచ్చాడు. ఇరవై ముఖాల డైస్‌తో దాడి చేసే పద్ధతి ఆ పుస్తకాల్లో 'ప్రత్యామ్నాయం'గా మాత్రమే ఉంది. ఈరోజు ఆటంతా దాని మీదే నడుస్తోంది. మొన్నమొన్నటి సంగతి చెప్పాలంటే, 2014 రూల్స్‌లో గాయం మాన్పే మందు తాగితే ఆ వంతులో ప్రధానమైన పని అయిపోయినట్టే. గాయపడినవాడు మందు తాగాలా, శత్రువుని కొట్టాలా అని సతమతమయ్యేవాడు. చాలా చోట్ల ఆటగాళ్ళు దాన్ని బోనస్ యాక్షన్‌గా (ప్రధానమైన పనితో పాటు అదే వంతులో చేసుకోగల చిన్న పనిగా) మార్చుకున్నారు, మేమూ మార్చుకున్నాం. 2024 పుస్తకంలో అదే అఫీషియల్ అయింది.

అపోహ: పుస్తకాలన్నీ కొంటేనే ఆడగలం.

వాస్తవం: అక్కర్లేదు. ముఖ్యమైన రూల్స్‌ని 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద, ఎవరైనా వాడుకునేలా, ఉచితంగా వదిలారు. డైస్ ఒక్క సెట్టు కొనుక్కుంటే చాలు.

అపోహ: డీఎం కదా, ఎప్పుడు కావాలంటే అప్పుడు రూలు మార్చొచ్చు.

దీన్ని చాలాకాలం నేనూ నమ్మాను. ఒకసారి మా అక్క కూతురి పాత్ర బురుజు మీంచి పడిపోయింది. పుస్తకం ప్రకారం డెత్ సేవ్ ఆటగాళ్ళే వేసుకోవాలి. 10 లేదా అంతకన్నా ఎక్కువైతే ఒక గెలుపు, తక్కువైతే ఒక ఓటమి. మూడు గెలుపులు ముందొస్తే ప్రాణం నిలబడుతుంది, మూడు ఓటములు ముందొస్తే పోతుంది. టెన్షన్ పెరుగుతుందని అప్పటికప్పుడు డైస్ నా చేతిలోకి తీసుకుని, అట్ట వెనకాల దాచి వేశాను. మూడూ ఓడిపోయాయి. చనిపోయావని చెప్పాను. ఆ పిల్ల ఏడవలేదు. "మామయ్యా, ఈ రూలు ముందే ఉందా, ఇప్పుడు పెట్టావా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. మూడు ఆదివారాలు ఆటకి రాలేదు. డైస్ నిజాయితీగానే వేశాను, కానీ ఆ మాట నేను చెప్పడమే తప్ప తను చూసింది లేదు.

ఇందుకూరుపేటలో మా అమ్మమ్మ వాళ్ళింట్లో అష్టా చెమ్మా ఆడేవాళ్ళం. ఒక కాయనైనా చంపితేనే లోపలి గళ్ళలోకి పోవాలని అమ్మమ్మ రూలు. పక్కింట్లో చంపకపోయినా పోవచ్చు. ఎవరింటికి పోయినా గవ్వలు చేతిలోకి తీసుకునే ముందే అడిగేవాళ్ళం, "మీ ఇంట్లో చంపాల్నా?" అని. ఎనిమిదేళ్ళ పిల్లలం అడిగిన ఆ మాటని పెద్దయ్యాక నేను మర్చిపోయాను.

వాస్తవం: తీర్పు చెప్పే అధికారం డీఎంకి ఉంది, పుస్తకమే ఇచ్చింది. రూలు ఎక్కడా దొరక్కపోతే అప్పటికి ఏదో ఒకటి చెప్పి ఆట నడపాలి. ఉన్న రూలు మార్చాలంటే మాత్రం ఆట అయ్యాక కూర్చుని మాట్లాడుకోవాలి, వచ్చే వారం నుంచి అమలు చేయాలి. ఇప్పుడు మాకు ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంది. ప్రతి ఇంటి రూలూ తేదీ వేసి అందులో రాస్తాం. అందరూ సంతకం పెడతారు, కొత్తవాళ్ళు మొదటిరోజే చదువుతారు. కత్తి జారే రూలు రెండో పేజీలో కొట్టేసి ఉంటుంది, పక్కన ఫైటర్ ఆడే కుర్రాడి సంతకం. మొదటి పేజీలో ఉన్న రూలు మా అక్క కూతురు తన చేత్తో రాసింది: "డెత్ సేవ్ ఎవరిది వాళ్ళే, అందరి ముందూ వెయ్యాలి."