ఉత్తుత్తి కషాయం కాచేదెట్లా?

తిరుపతిలో నాకు తెలిసిన ఆటో డ్రైవర్ ఒకతను ఉన్నాడు. నలభై దాటిన మనిషి. రెండేళ్లుగా పొత్తికడుపు కింద, సరిగ్గా సీటుకు ఆనే చోట, లోలోపల నొప్పి. ఒంటికి పోతే మంట. సిగ్గుతో ఇంట్లో చెప్పలేదు. మూత్రపరీక్షలో ఏమీ లేదన్నారు, అయినా యాంటీబయాటిక్స్ మూడు కోర్సులు మింగాడు. చివరికి ఎవరో చెబితే పల్లేరు కాయల కషాయం మొదలుపెట్టాడు. "మూడు వారాలకి తగ్గిపోయె నా. నువ్వు సైన్సు రాస్తావు గదా, దీని గురించి రాయి" అన్నాడు.

రాస్తున్నాను. అతను అనుకున్నట్టు మాత్రం కాదు.

ఈ నొప్పికి ప్రోస్టేటైటిస్ అని, అంటే మగవాళ్లకు మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథి వాపు అని, పేరు పడిపోయింది కానీ, చాలామందిలో ఆ గ్రంథి తప్పేమీ ఉండదు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ ఈ జబ్బును నాలుగు రకాలుగా విడదీసింది. అందులో మూడోది మనవాడిది: సూక్ష్మజీవి కనబడదు, నొప్పి మాత్రం నెలల తరబడి ఉంటుంది. ఈ బాధతో వచ్చేవాళ్లలో పదింట తొమ్మిది మందికి పైగా ఈ రకమే. కటి కండరాలు బిగుసుకుపోవడం, నరాలు అతిగా స్పందించడం, టెన్షన్, గంటల తరబడి కూర్చోవడం, ఇవన్నీ కలగాపులగంగా ఉంటాయి. (జ్వరం వచ్చినా, మూత్రంలో రక్తం పడినా కషాయం పక్కన పెట్టి ఆస్పత్రికి పోవాల్సిందే.)

దీన్ని కొలిచే స్కాన్ లేదు, రక్తపరీక్ష లేదు. రోగిని అడగడమొక్కటే దారి. అందుకని 1999లో ఒక ప్రశ్నావళి తయారుచేశారు. నొప్పికి 21, మూత్రం ఇబ్బందికి 10, బతుకు మీద దాని ప్రభావానికి 12, మొత్తం 43 పాయింట్లు. ఎక్కువ వస్తే ఎక్కువ బాధ. ఒక ఆరు పాయింట్లు దిగితే మనిషికి తేడా తెలుస్తుందని ఆ తర్వాత లెక్క తేల్చారు. "తగ్గింది నా" అనే మాటకు ఇదీ తూకంరాయి.

ఇక్కడే అసలు చిక్కు. 2008లో అల్ఫుజోసిన్ అనే మాత్రను ఈ నొప్పి ఉన్న 272 మంది మగవాళ్ల మీద పరీక్షించారు. కొందరికి అసలు మాత్ర, కొందరికి చూడ్డానికి అలాగే ఉండి లోపల మందు లేని ఉత్త మాత్ర. 12 వారాల తర్వాత చూస్తే, మందు మింగినవాళ్లలో మెరుగైంది 49.3 శాతం. ఉత్త మాత్ర మింగినవాళ్లలో? అదే 49.3 శాతం. ఆ రెండో గుంపు ఒక్కటే మన కళ్లముందు ఉండుంటే, ఆ ఉత్త మాత్రకు ఊరూరా బోర్డులు వెలిసేవి. ఈ నొప్పి ఎగుడుదిగుడుగా నడుస్తుంది. భరించలేని రోజునే మనిషి వైద్యుడి దగ్గరికి పోతాడు. ఆ తర్వాత దిగడం ఎలాగూ ఉంది. దిగినప్పుడు చేతిలో ఏ గ్లాసు ఉంటే పేరు దానికే.

అంతమాత్రాన మూలికలన్నీ ఉత్తవే అని తీర్పు చెప్పేయడం నాకిష్టం లేదు. రై అనే ధాన్యపు పుప్పొడి సారాన్ని 139 మంది మీద 12 వారాలు పరీక్షించి 2009లో ప్రచురించారు. ఉత్త గుళికల కంటే నొప్పి ఎక్కువ తగ్గింది. అంటే చెట్టూ చేమా కూడా పరీక్షకు నిలబడగలవు, నిలబెట్టాలే గానీ.

మరి పల్లేరును నిలబెట్టేదెట్లా? చరకుడు మూత్రం సాఫీగా జారేలా చేసే పది మూలికల్లో దీన్ని శ్వదంష్ట్ర, అంటే కుక్కకోర, అన్నాడు. మన చేలగట్ల మీద చెప్పులేకుండా నడిచినవాళ్లెవరికీ ఆ పేరు విడమరచి చెప్పక్కర్లేదు. దశమూలాల్లోనూ, అంటే ఆయుర్వేదం కలిపి వాడే పది వేళ్లలోనూ, ఇదొకటి. అక్కడ వాడేది మొక్క వేళ్లు, అంగట్లో మనకు పొట్లం కట్టిచ్చేది కాయ. అంతకన్నా పెద్ద తంటా, పల్లేరు అంటే ఏ పల్లేరు? నేలకు అతుక్కుని పాకేది చిన్న పల్లేరు. నిటారుగా, దళసరి ఆకులతో పెరిగేది ఏనుగు పల్లేరు. రెంటికీ పసుప్పచ్చ పూలే, రెంటికీ ముళ్ల కాయలే, కానీ కుటుంబాలే వేరు. ఏనుగు పల్లేరు పచ్చి కొమ్మ ఒకటి గ్లాసు నీళ్లలో పెట్టి తిప్పితే నీళ్లు గుడ్డులోని తెల్లసొనలాగా జిగటగా సాగుతాయి. చెంచాతో ఎత్తితే తీగ వస్తుంది. కొన్ని గంటలు వదిలేస్తే మళ్లీ పలచబడతాయి. చిన్న పల్లేరు ఈ వేషం వేయదు. మొక్క చేతిలో ఉంటే ఇంత తేలిక, పొడి చేసి సీసాలో పోశాక దేవుడికే ఎరుక. అందుకే పరీక్షకు ముందు వృక్షశాస్త్రజ్ఞుడు మొక్కను గుర్తించాలి, నమూనా దాచాలి, ఒకే కోతది వాడాలి, సీసం, పాదరసం ఎంతున్నాయో చూడాలి. పీసీ స్పెస్ అని ప్రోస్టేట్ క్యాన్సర్‌కు అమ్మిన మూలికల మందులో రక్తం పలచబరిచే వార్ఫరిన్ లాంటి అల్లోపతి మందులు బయటపడి, 2002లో దాన్ని అంగళ్ల నుంచి వెనక్కి తీసుకున్నారు.

ఇదంతా చేశాక అసలు కష్టం మొదలవుతుంది: ఉత్తుత్తి కషాయం. మాత్రకైతే సున్నపు రంగు బిళ్ల చాలు. కషాయానికి రంగు ఉంది, వాసన ఉంది, నాలిక చివరి వగరు ఉంది. వగరు తేడా వస్తే రోగి కనిపెట్టేస్తాడు, ఇక అతని జవాబులకు విలువ లేదు. పెరిగిన ప్రోస్టేట్‌కు సా పామెట్టో అనే మూలికను 225 మంది మీద ఏడాది పాటు పరీక్షించినప్పుడు, ఉత్త గుళికలోనూ చేదు కలిపి, గోధుమరంగు వేసి పోల్చారు. 2006లో ఫలితం వచ్చింది, మూలికకూ ఉత్తదానికీ తేడా లేదు. పల్లేరు కషాయానికి నకిలీ చేయాలంటే వంట తెలిసినవాడే ఉండాలి. దానికన్నా కషాయాన్ని ఎండబెట్టి గుళికల్లో నింపడం సులువు. కాకపోతే అప్పుడు మనం పరీక్షించింది కషాయాన్నేనా అని ఆయుర్వేద వైద్యుడు నిలదీస్తాడు. ఆయన అడగడంలో న్యాయముంది.

ఎవరికి ఏ గుళిక అన్నది బొమ్మాబొరుసుతో తేల్చాలి, వైద్యుడికి కూడా తెలియకూడదు. ఇంత కట్టుదిట్టం దేనికి, అనుమానం కాకపోతే, అన్నాడు మా ఆటో మిత్రుడు. అతనికి నొప్పి రెండో నెలలో తిరగబెట్టింది. కషాయం మానేసి ఉన్నాడు. గోడ మీది టీటీడీ క్యాలెండర్‌లో, తిథి పక్కన, రోజూ నొప్పికి సున్నా నుంచి పది లోపు ఒక అంకె వేయమన్నాను. నెలాఖరుకు చూస్తే 6, 7, 7, 6 అని నడిచిన వరస, మధ్యలో తొమ్మిది రోజులు 2కీ 3కీ దిగి, మళ్లీ 6కు ఎక్కింది.

"ఈ తొమ్మిది రోజులు ఏం మందు తాగినావు?" అన్నాను.

క్యాలెండర్ దగ్గరికి పోయి, వేలు పెట్టి, తేదీలు లెక్కబెట్టుకున్నాడు.

"మందేం లేదు నా. అప్పుడు ఆటో షెడ్డులో ఉన్నింది."