విశాఖలో పశువుల పాకల గొడవ: అసలు మలుపు 2005లోనే

విశాఖ నగరంలోని పశువుల పాకలను ఊరి బయటికి పంపాలన్న మాట మళ్లీ పైకొచ్చింది. వానలకు గెడ్డలు (వాగులు) పొంగినప్పుడల్లా, చీకట్లో రోడ్డు మీద పడుకున్న ఆవును ఏ బండో గుద్దినప్పుడల్లా ఇది లేస్తుంది. నాలుగు పశువులను బందెలదొడ్డికి తోలాక చల్లారుతుంది. ఇవాళ్టి తగాదా అర్థం కావాలంటే 2005 నవంబరు 21 దగ్గర ఆగి చూడాలి.

ఆ రోజు గాజువాక మున్సిపాలిటీని, చుట్టుపక్కల 32 గ్రామాలను విశాఖ నగరంలో కలిపి మహా విశాఖ నగర పాలక సంస్థ (జీవీఎంసీ) ఏర్పాటు చేశారు. మధురవాడ, వేపగుంట లాంటి పల్లెలు నగరంలో వార్డులయ్యాయి. పన్ను మారింది, సెంటు ధర మారింది, పశువులు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి.

అంతకుముందు ఆ ఊళ్లలో పేడను ఎవరూ చెత్త అనుకోలేదు. పొద్దున్నే పశువుల సాల ఊడ్చి, పేడ, మూత్రంతో తడిసిన వరిగడ్డి, పొయ్యిలో బూడిద అన్నీ పెరట్లో పెంటకుప్ప మీద వేసేవారు. ఎండాకాలంలో బండి కట్టి పెంట పొలానికి తోలేవారు. తొలకరికి ముందు చల్లి దున్నేస్తే ఆ ఏటి ఎరువు ఖర్చు చాలావరకు తప్పేది. గొర్రెల కాపరులు వస్తే పిలిచి మరీ చేలో మంద కట్టించుకునేవారు. విలీనం తర్వాత ఆ పొలాలు లేఅవుట్లయ్యాయి, మేత బీళ్లు తగ్గిపోయాయి, పెరళ్లు ఇరుకయ్యాయి. పశువు మిగిలింది, పొలం పోయింది. ఉక్కు ఫ్యాక్టరీ కోసం భూములిచ్చి గాజువాక చుట్టూ కాలనీల్లో స్థిరపడిన కుటుంబాలకు ఈ కష్టం ఇంకా ముందే తెలుసు.

పొలం లేనప్పుడు పేడ ఎక్కడికి పోవాలి? పైపు పెట్టి నీళ్లు కొడితే కాలువలోకి, అక్కడి నుంచి గెడ్డలోకి, చివరికి సముద్రంలోకి. కాలువ అడుగున గాలి తగలకుండా కుళ్లే పేడ నుంచి మీథేన్ వస్తుంది. ఇరవై ఏళ్ల లెక్కలో చూస్తే ఇది బొగ్గుపులుసు వాయువు కంటే 80 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. గాలి తగిలే పెంటకుప్ప నుంచి ఇంత రాదు. అదే గేదె, అదే పేడ. అది చేరే చోటు మారింది.

కార్పొరేషన్ వైపు వాదన చిన్నదే. జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశాలతో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో డెయిరీ ఫారాలకు, గోశాలలకు మార్గదర్శకాలు తెచ్చింది. పేడ కాలువలో కలపకూడదు, పాకలు ఇళ్లకు దూరంగా ఉండాలి. దానికి తోడు నగరాల పరిశుభ్రతకు కేంద్రం ఇచ్చే స్వచ్ఛ సర్వేక్షణ్ ర్యాంకులు. 2017లో దేశంలో మూడో స్థానం వచ్చాక రోడ్డు మీద పేడ కనిపిస్తే అధికారులకు టెన్షనే.

పాకలవాళ్ల మాట అంత తొందరగా తేలేది కాదు. నగరం రాకముందు నుంచీ వాళ్లు అక్కడే ఉన్నారు. తెల్లవారుజామున కళ్లముందు పితికిన పాలే కావాలనే వాడుకదారులను నమ్ముకుని బతుకుతున్నారు. పాక ఇరవై కిలోమీటర్లు జరిగితే రెండు పూటలా పాలు తేవడానికి అయ్యే పెట్రోలు ఖర్చు పాల ధరలో కలపలేరు. పచ్చగడ్డి దొరకదు. వరిగడ్డి, తవుడు, తెలగపిండి అన్నీ కొనాల్సిందే. పితికేసి ఆవును రోడ్డు మీదికి వదిలేసేవాళ్లను వెనకేసుకురావడం లేదు. ఆ ఆవులు డస్ట్‌బిన్ల దగ్గర ప్లాస్టిక్ కవర్లు తిని చస్తున్నాయి. కానీ సాలలోనే కట్టేసి మేపుకునే కుటుంబాన్ని కూడా అదే గాటన కట్టడం అన్యాయం.

బయటికి అంటే ఎక్కడికన్నది ఇంకో ప్రశ్న. పెందుర్తి వైపు అనుకుంటే అక్కడ మేఘాద్రి గెడ్డ జలాశయం ఉంది. నగరం తాగే నీళ్లలో కొంత అందులోవే. పేడకు దారి చూపకుండా పాకలను అటు పంపితే, ఇప్పుడు సముద్రంలో కలిసేది రేపు మన కుళాయి నీళ్లలోకి చేరే ప్రమాదం ఉంది.

దారి లేక కాదు. కాలుష్య మండలి లెక్కలోనే పెద్ద పశువు రోజుకు 15 నుంచి 20 కిలోల పేడ వేస్తుంది. ఇంటికి సరిపోయే చిన్న గోబర్ గ్యాస్ ప్లాంటుకు రోజుకు 50 కిలోలు చాలు. పది గేదెల పాక మూడు ఇళ్ల పొయ్యిలు వెలిగించగలదు, గ్యాస్ పోగా మిగిలిన స్లర్రీ (పేడ చిక్కటి నీళ్లు) ఎరువే. 2016 నుంచి రాష్ట్రంలో ప్రకృతి వ్యవసాయం నడుస్తోంది. అందులో వాడే పేడ ఎరువు ఘనజీవామృతానికి పేడ దొరక్క రైతులు ఇబ్బంది పడుతున్న ఊళ్లున్నాయి. అనకాపల్లి వైపు చెరకు మళ్లు గంట దూరంలోనే ఉన్నాయి.

పేడ ఒక్కటే కాదు, నెమరు వేసే పశువు త్రేన్పుల్లో వచ్చే మీథేన్ ఇంకా ఎక్కువ. దేశ వ్యవసాయ ఉద్గారాల్లో సగానికి పైగా దానివే. వట్టి వరిగడ్డితో నెట్టుకొచ్చే పశువు తక్కువ పాలిచ్చి, లీటరుకు ఎక్కువ వాయువు వదులుతుంది. పచ్చిమేత, ఖనిజ లవణ మిశ్రమం కలిపి సమతుల దాణా పెడితే అది తగ్గుతుందని జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి మండలి కార్యక్రమంలో తేలింది. కానీ పచ్చిమేతకు నేల కావాలి.

కాబట్టి పాకలు తరలించే ముందు కార్పొరేషన్ మూడు విషయాలు తేల్చి చెప్పాలి: మేత పెంచే నేల ఎక్కడ, పేడ ఎత్తే బండి ఎవరిది, గ్యాస్ ప్లాంటు ఎప్పటికి పూర్తవుతుంది. అవి తేలకుండా నోటీసులు ఇవ్వడం తగదు.